పర్లాకిమిడి మేష్టారు

స్వర్ణోత్సవ సంచికకి మన బడి జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామందే ఉన్నారని తెలిసి, నేను ఒక మేష్టారి గురించి రాస్తానని కమిటీ వారికి చెప్పాను. ఆయన మన బడిలో ఏనాడూ పాఠం చెప్పలేదు. మన బడి పుట్టడానికి చాలా ముందే కాలం చేశారు. అయినా మనం పరీక్షల్లో రాసిన తెలుగు, ఈ సంచికలో మనందరం రాస్తున్న తెలుగు, ఆయన పోట్లాడి తెచ్చిపెట్టినదే. గిడుగు వెంకట రామమూర్తి గారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని ఆయన ఫొటోకి దండ వేస్తాం. మైకులో వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అని ఒక ముక్క చెబుతారు. అక్కడితో అయిపోతుంది. ఆయన ఎలా బతికారు, ఇంట్లో ఎలా ఉండేవారు, ముప్పై ఏళ్ళ పైచిలుకు బడిపంతులుగా ఏం చేశారు అన్నది మైకు దాకా రాదు. నాకు ఆసక్తి కలిగించింది ఆ మిగతా భాగమే.

ఆయన పుట్టింది 1863 ఆగస్టు 29న, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. వంశధార ఒడ్డు. తండ్రి వీరరాజు గారు రెవెన్యూ ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడ జ్వరం తగిలి ఆయన పోయారు. రామమూర్తి గారికి అప్పటికి పన్నెండేళ్ళు దాటీదాటని వయసు. మేనమామ ఆసరాతో, విజయనగరంలో మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చదువు సాగింది. అదే బడిలో సహాధ్యాయి గురజాడ అప్పారావు గారు. తెలుగు రాత మార్చిన ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్న పిల్లలు కావడం, ముప్పై ఏళ్ళ తర్వాత ఒకే పనికి భుజం కలపడం, పూర్వవిద్యార్థుల సంఘం వాళ్ళం మనం కాస్త గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి.

1879లో మెట్రిక్యులేషన్ అయింది. ఆ ఏడే పెళ్ళి. పై చదువుకి పోదామంటే తండ్రి లేని ఇల్లు. 1880లో, పదిహేడో ఏట, పర్లాకిమిడి రాజావారి బడిలో మేష్టారుగా చేరారు. ఫస్టు ఫారానికి చరిత్ర చెప్పాలి. నెలకి 30 రూపాయల జీతం. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్నరైలు వచ్చింది 1900లో. ఈయన వెళ్ళేనాటికి నౌపడాకే రైలు లేదు. ఎడ్లబండో, కాలినడకో. అలా వెళ్ళిన మనిషి ఆ ఊళ్ళో యాభై అయిదేళ్ళకి పైగా ఉండిపోయారు.

ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ. ప్యాసయ్యారు. తర్వాత బి.ఏ. కూడా అలాగే, చరిత్ర ప్రధానాంశంగా. పగలు బడి, రాత్రి దీపం ముందు సొంత చదువు, మధ్యలో సంసారం. 1885లో కొడుకు సీతాపతి పుట్టారు. పిల్లాడికి అక్షరాలు దిద్దించే వయసులోనే తండ్రి కూడా పరీక్షలకి చదువుతున్నారన్నమాట. బడి కాలేజీ అయ్యాక పై తరగతులకి పాఠాలు చెప్పారు.

చరిత్ర మేష్టారు కదా, పుస్తకంలో ఉన్నది చెప్పి ఊరుకోవచ్చు. ఈయన అలా ఊరుకోలేదు. పుట్టిన ఊరి పక్కనే ఉన్న ముఖలింగం గుడి గోడలనిండా శాసనాలున్నాయి. వాటిని చదివేవాళ్ళు లేరు. పాత లిపులు ఎవరూ నేర్పకుండానే తనంతట తాను నేర్చుకుని ఆ శాసనాలు చదివారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. నడగాం రాగిరేకుల మీద ఆయన రాసిన వ్యాసం ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చయింది. మారుమూల ఊళ్ళో, పెద్ద లైబ్రరీ లేని చోట, ఒక బడిపంతులు చేసిన పని ఇది.

ఇక సవరల సంగతికి వస్తాను. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద పని ఇదే. దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. కొండల్లో సవరలు. సంతకి దిగివస్తారు. చింతపండో, పసుపో, అడవి సరుకో అమ్ముకుని పోతారు. వాళ్ళ మాట కింద ఊళ్ళవాళ్ళకి తెలీదు. కింద ఊళ్ళ లెక్క వాళ్ళకి తెలీదు. తూకంలో, అప్పు కాగితంలో, కచేరీలో, ఎక్కడైనా మోసపోయేది వాళ్ళే. ఈయన వాళ్ళ భాష నేర్చుకోవాలనుకున్నారు. తెలుగు తెలిసిన సవర ఒకర్ని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ గృహంలో అది ఎంత మాటో ఈనాటి పిల్లలకి చెప్పినా అందదు. సెలవు దొరికితే కొండలెక్కి సవర గూడేలకి నడిచి వెళ్ళేవారు.

సవర మనకి తెలుగు, తమిళం లాగా దగ్గరి చుట్టం కాదు. హిందీ, ఒడియా లాగా ఆర్యభాషా కాదు. ముండా కుటుంబానికి చెందినది. మన అక్షరాలకి అందని ధ్వనులున్నాయి. గొంతులో ఠక్కున ఆగిపోయే ఒక శబ్దం ఉంది, దాన్ని రాయడానికి మన దగ్గర గుర్తు లేదు. క్రియాపదం పక్కనున్న నామవాచకాన్ని తనలో కలిపేసుకుని ఒక్క మాటైపోతుంది. వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. వినాలి, రాసుకోవాలి, మళ్ళీ అడగాలి, సరిచూసుకోవాలి.

నేను విద్యుత్ లైన్ల పనిమీద సీతంపేట ఏజెన్సీలో రెండేళ్ళు తిరిగాను. గుంతలు తవ్వే మనుషుల్లో సవరలు ఎక్కువ. ఒక పెద్దాయన స్తంభాలు లెక్కపెట్టడం చూసి మొదట నాకేమీ అర్థం కాలేదు. పన్నెండు దాకా వేరువేరు పేర్లున్నాయి. పదమూడు దగ్గర పన్నెండూ-ఒకటి అన్నాడు. ఇరవై అయ్యాక ఇరవైల లెక్క. తర్వాత పుస్తకాల్లో చూస్తే సవర లెక్కింపు నిజంగానే అంత అని తెలిసింది. తొంభైమూడు అనాలంటే నాలుగు ఇరవైలు-పన్నెండు-ఒకటి అంటారు. ఇప్పుడు ఆ ఇంటి పిల్లాణ్ణి మన బడిలో కూర్చోబెట్టి పదీ-మూడూ పదమూడు అని చెబితే, వాడు మొద్దని మేష్టారికి అనిపిస్తుంది. వాడి లెక్క వేరే పునాది మీద ఉందని ఎంతమందికి తెలుసు? గిడుగు వారికి నూట పాతికేళ్ళ కిందటే తెలిసింది. అందుకే సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని పట్టుబట్టారు. తెలుగు అక్షరాలతో సవర వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడి పెట్టి, అయ్యవార్లకి జీతాలిచ్చారు. సొంత డబ్బు అంటే బడిపంతులు జీతం. నలుగురున్న ఇంటి పొయ్యిమీదికి పోవలసిన డబ్బు.

కొండల్లో తిరిగితే మలేరియా తప్పదు. మలేరియాకి క్వినైన్. తెగ వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. చెవితో వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఆ చెవులే పోయాయి. జీవితాంతం ఆ బాధ పడ్డారు. పని మాత్రం ఆపలేదు.

ఇక్కడే ఆయన్ని తండ్రిగా కూడా చూడాలి. సీతాపతి గారు ఆ ఇంట్లో సవర మాటలు వింటూ పెరిగారు. పెద్దయ్యాక తండ్రి పనిలో కుడిభుజం అయ్యారు. తండ్రికి వినపడనిది కొడుకు వినేవాడు అని చెప్పుకుంటే తప్పులేదనుకుంటాను. మనలో చాలామంది తండ్రుల వృత్తి పిల్లలకి అబ్బదు. మా ఇంట్లో నా ఇంజినీరింగు మా అబ్బాయికి చిరాకు. ఆ ఇంట్లో మాత్రం తండ్రి వ్యాపకం కొడుక్కి ఆస్తిలాగా వచ్చింది. వేరే ఆస్తి పెద్దగా వచ్చినట్టు లేదు.

ఈ సవర పనికి ప్రభుత్వం 1913లో రావు సాహెబు బిరుదు ఇచ్చింది. తర్వాత కైజర్-ఇ-హింద్ పతకమూ వచ్చింది. సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చేసరికి 1938. మొదలుపెట్టినప్పుడు యువకుడు, పుస్తకం చేతికి వచ్చేసరికి డెబ్బై అయిదేళ్ళ ముసలాయన. మా శాఖలో అయిదేళ్ళ ప్రాజెక్టు ఏడేళ్ళయితే నానా గొడవ.

తెలుగు పోరాటం ఈ కొండల చదువులోంచే పుట్టిందని నా నమ్మకం. అదేమిటో చెబుతాను. సవర పిల్లాడికి పరాయి భాషలో చదువు చెప్పడం ఎంత అన్యాయమో చూసిన కళ్ళకి, తెలుగు పిల్లాడి అవస్థ కనపడకుండా ఉండదు. ఇంట్లో వస్తున్నాడు అనే పిల్లాడు బడిలో వచ్చుచున్నాడు అని రాయాలి. చేశాను అంటే తప్పు, చేసితిని అనాలి. అరసున్న ఎక్కడ పెట్టాలో, బండి ర ఎక్కడ రాయాలో పండితుడికే అనుమానం. పిల్లాడు విషయం నేర్చుకోవడం మానేసి రాత నేర్చుకోవడంలోనే సగం బాల్యం పోగొట్టుకుంటాడు.

1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. ఈ దేశంలో మాట్లాడే తెలుగొకటి, పుస్తకంలో తెలుగొకటి ఎందుకున్నాయని అతనికి సందేహం. విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు దీనికి జవాబు చెప్పగలవాళ్ళు గురజాడ, గిడుగు అని చూపించారు. అప్పటికి గిడుగు వారికి నలభై నాలుగేళ్ళు. ఆ నలుగురితో ఉద్యమం మొదలైంది. 1911లో పంతులుద్యోగం నుంచి విరమించుకున్నాక ఆయనకిక ఇదే పని.

స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసం పాత భాషలోనైనా వాడుక భాషలోనైనా రాయవచ్చని 1912-13లో ఉత్తర్వు వచ్చింది. వెంటనే పండితులు మండిపడ్డారు. జయంతి రామయ్య పంతులు గారు ముందు నిలిచారు. సభలు, మహజర్లు, పత్రికల్లో వ్యాసాలు. ఆ ఉత్తర్వు కాస్తా వెనక్కి పోయింది. గెలిచామనుకున్నది చేజారింది. మరుసటి ఏడు గురజాడ వారూ పోయారు. ఇంకొకరైతే పెన్షను తీసుకుని ఇంటిపట్టున కూర్చునేవారు.

ఈయన వాదించే తీరు ఇంజినీరుగా నాకు బాగా నచ్చుతుంది. ఉద్వేగంతో కాదు, ఆధారాలతో. గ్రాంథికమే శుద్ధమైనదని వాదించే పండితుల పుస్తకాలే తీసుకుని, చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం వాటిలో ఎన్ని తప్పులున్నాయో ఏరి చూపించారు. నియమం పెట్టినవాళ్ళే ఆ నియమం పాటించలేకపోతే పిల్లాడెలా పాటిస్తాడని అడిగారు. ఆ పుస్తకానికి ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అని పేరు పెట్టారు. భిషక్కులంటే వైద్యులు, భేషజమంటే మందు. భాషకి వైద్యం చేస్తామని బయల్దేరిన వైద్యులకే మందు వేశారన్నమాట. ఇంకోపక్క, పాత తాళపత్రాల్లో, పూర్వుల వచనంలో వాడుక రూపాలు ఎలా ఉన్నాయో పోగుచేశారు. వాడుక భాష తాను కనిపెట్టింది కాదని, మన పూర్వులూ రాసినదేనని రుజువు చేయడం ఆయన పద్ధతి. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. చెవులు వినపడవు కాబట్టి ఎదుటివాళ్ళ ఆక్షేపణలు ఎలా వినేవారోనని నాకెప్పుడూ అనిపిస్తుంది.

1919లో రాజమండ్రిలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టారు. దానికి అధ్యక్షుడు కందుకూరి వీరేశలింగం గారు. జీవితమంతా గ్రాంథికంలో రాసిన పెద్దాయన చివరికి ఇటువైపు వచ్చారు. ఆ ఏడు మే నెలలోనే ఆయన కాలం చేశారు. తెలుగు అనే పేరుతో గిడుగు వారు అదే ఏడు ఒక మాసపత్రిక నడిపారు, ఏడాదికే ఆగిపోయింది. 1924లో కాకినాడ ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుక భాష మీద తన నిషేధం ఎత్తేసింది. ఆ పరిషత్తే గ్రాంథికానికి కోట అని గుర్తుంచుకుంటే ఆ సంగతి విలువ తెలుస్తుంది.

ఒక్క మాట చెప్పకపోతే ఈ వ్యాసం భజన అవుతుంది. ఆయన కోరింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ళు మాట్లాడే మాట. ఆ చదువుకున్నవాళ్ళు ఆనాడు ఎవరు? ఎక్కువమంది కోస్తా వాళ్ళు, అందులోనూ కొన్ని కులాల వాళ్ళు. తెలంగాణ మాట, సీమ మాట, చివరికి ఆయన పుట్టిన శ్రీకాకుళం మాట కూడా ఆ శిష్టంలో పూర్తిగా ఇమడలేదు. మా అమ్మ మాట్లాడే తెలుగు నా వాచకంలో కనపడలేదు. అందుకని ఆయన్ని తప్పుపట్టను. ఆయన తీసిన తలుపు ఎంత మేర తెరుచుకుందో అంతవరకే చెబుతున్నాను. తర్వాత కథల్లో, నవలల్లో కారా మాస్టారు వంటివాళ్ళు ఆ తలుపుని ఇంకాస్త తోశారు. ఆయన కూడా మేష్టారే కావడం చూడండి.

మరో సంగతి మన ఉపాధ్యాయ మిత్రులతో పంచుకోవాలని ఉంది. ఇప్పుడు గొడవ గ్రాంథికం, వాడుక భాషల మధ్య కాదు, తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియంల మధ్య. దీంట్లో గిడుగు వారిని ఇద్దరూ తమవైపు లాక్కుంటారు. ఆయన ఇంగ్లీషుకి శత్రువు కారు. తన వ్యాకరణం, నిఘంటువు, శాసన వ్యాసాలు ఇంగ్లీషులోనే రాశారు. భాషాశాస్త్రం ఇంగ్లీషు పుస్తకాలు చదివే నేర్చుకున్నారు. కానీ ఆరేళ్ళ సవర పిల్లాడి ముందు ఆయన పెట్టింది సవర వాచకం. ఈ రెంటినీ కలిపి చూడకపోతే ఆయన అర్థం కారు. పై అధికారికి రాసే భాష, పిల్లాడికి చెప్పే భాష ఒకటి కానక్కర్లేదని ఆయనకి తెలుసు.

పర్లాకిమిడి ఆయనకి జీతమిచ్చిన ఊరు. భర్తగా, తండ్రిగా, తాతగా బతికిన ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడిని అందులో కలిపారు. ఈ కలపడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. రాజావారి బడిలోనే జీవితమంతా పనిచేసిన మనిషి, రాజావారి ఇష్టానికి ఎదురు నిలబడ్డారు. మాట చెల్లలేదు. డెబ్బై మూడో ఏట, ఇల్లూ వాకిలీ వదిలి, కుటుంబంతో రాజమండ్రి వచ్చేశారు. ఆ వయసులో ఊరు మారడమంటే ఏమిటో, పెద్దవాళ్ళని పల్లె నుంచి హైదరాబాదు ఫ్లాటుకి తెచ్చుకున్న మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పైగా ఆయన పనిచేసిన కొండలు అక్కడే ఉండిపోయాయి. అదే 1936లో ఒడిశా వైపు మంగేయి గొమాంగో సవర భాషకి సొంత లిపి తయారుచేశారు. సొరంగ్ సోంపెంగ్ అంటారు దాన్ని. తమ భాషకి తమవాడే ఒకాయన అక్షరాలు ఇచ్చాడు.

రాజమండ్రిలో ఉన్న ఆ నాలుగేళ్ళూ ఆయన ఊరుకోలేదు. నిఘంటువు అచ్చు పని అప్పుడే పూర్తయింది. కొత్తతరం రచయితలు అప్పటికే వాడుక భాషలో కవిత్వం, కథలు రాసేస్తున్నారు. తాపీ ధర్మారావు గారి జనవాణి పత్రిక వాడుక భాషలో వచ్చింది. కాలేజీలు, పరీక్షలు, ప్రభుత్వం మాత్రం ఇంకా దారికి రాలేదు. 1940 జనవరిలో, జబ్బుతో ఉండి కూడా, పత్రికల వాళ్ళకి ఆఖరి విన్నపం చేశారు. పత్రికలన్నీ వాడుక భాష చేపడితే ప్రభుత్వమూ విశ్వవిద్యాలయాలూ తప్పక చేపడతాయన్నది ఆయన ఆశ. ఆ నెల 22న పోయారు. విశ్వవిద్యాలయాల పరీక్షల్లో వాడుక తెలుగు నిలదొక్కుకోవడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది.

సీతాపతి గారు తండ్రి తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళు బతికారు. సవరల మీద రాశారు. పిల్లలకి గేయాలు రాశారు. 1939లో వచ్చిన రైతుబిడ్డ సినిమాలో వేషం కూడా వేశారు. తెలుగు భాషా సమితి విజ్ఞాన సర్వస్వానికి సంపాదకులుగా పనిచేశారు. ఆ సంపుటాలు పాతకాలపు హైస్కూలు లైబ్రరీల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. గిడుగు వారి సవర వ్యాకరణాన్ని ముండా భాషల మీద పనిచేసే పరిశోధకులు ఈనాటికీ తిరగేస్తూనే ఉన్నారు. మన సంఘం ఈ ఏడు లైబ్రరీకి పుస్తకాలు కొనే ఆలోచనలో ఉందని విన్నాను. ఆ జాబితాలో ఈ తండ్రీకొడుకుల పుస్తకాలు దొరికినన్ని చేర్చమని కార్యదర్శి గారికి మనవి. ఖర్చు నాది.